ఫోటోలో ఉన్న గట్టు

సంగం జాగర్లమూడిలో గట్టు చెక్కడాన్ని ఎవరూ దొంగతనం అనరు. మన వైపు మన్ను పారతో గీకి, అవతలి వైపు మెత్తితే సరి. ఏటా కాస్త కాస్తగా గట్టు దానంతటదే పొరుగువాడి పొలంలోకి నడుచుకుంటూ పోతుంది. మనం చేస్తే అది వ్యవసాయం, పొరుగువాడు చేస్తే పట్టపగలు దోపిడీ.

పడమటి పొలం రాఘవయ్య అలా గట్టును ఇవతలికి జరిపేశాడని నరసింహారావు కడుపు ఉడికిపోయేది. తాతలనాటి నేల మరి! కోర్టుకు పోదామా అంటే తీర్పు మనవల కాలానికి గానీ రాదు.

అది తొంభై రెండో సంవత్సరం. బాపట్ల కాలేజీలో ఫిజిక్సు చెప్పే బర్నబాస్ మాస్టారు ఉపగ్రహం నుంచి ఫోటోలు దించుతున్నారని తెనాలి టీకొట్టులో విన్నాడు నరసింహారావు. మర్నాడే రైలెక్కాడు.

తీరా చూస్తే డాబా మీద వెదురుబొంగుకు చుట్టిన రాగితీగ, కింద గదిలో ఒక రేడియో, ఒక కంప్యూటరు.

"ఇంతేనా అండీ?"

"పైనున్నదీ చిన్నదేనండి, ట్రంకుపెట్టెంత. ఏదో దేశంలో కాలేజీ మాస్టార్లు చౌకలో చేసి పంపారు. మన మీదుగా పోతూ ఫోటో తీస్తుంది, మనం పట్టుకుంటాం."

రేడియో కీచుకీచుమంది. చాలాసేపటికి ప్రింటరు గరగరలాడి బొమ్మ దించింది. సముద్రం నల్లగా, నేల బూడిదరంగులో, రేపల్లె కింద కృష్ణ సముద్రంలో కలిసేచోటు తెల్లగా ఉన్నాయి.

"మా గట్టు ఎక్కడుందండీ?"

మాస్టారు నవ్వు ఆపుకుని ఒకచోట పెన్సిలు మొన ఆనించారు. "ఈ ఒక్క చుక్క రెండు కిలోమీటర్లండి. మీ గట్టు, మీ పొలం, మీ ఊరు అన్నీ ఇందులోనే. మబ్బులూ తీరమూ చూసుకోవడానికి పనికొస్తుంది గానీ గట్టు తగాదాలకి కాదు బాబాయిగారూ."

"ఉందన్నారుగా. నాకది చాలండి."

తెనాలిలో ఫ్రేము కట్టించి ఇంటి వసారాలో తగిలించాడు. రాఘవయ్యను కాఫీకి పిలిచాడు.

"చూడు బావా. ఇది ఆకాశంలోంచి తీసిన ఫోటో. మన గట్టు ఇందులోనే ఉందని మాస్టారు పెన్సిలు పెట్టి మరీ చూపించారు."

చెప్పినదాంట్లో ఒక్క ముక్క అబద్ధం లేదు. అదే అతని గొప్ప.

రాఘవయ్య చుక్కల్లోకి తేరిపార చూశాడు. "నేను కూడా పడ్డానా?"

"పార పట్టుకున్నప్పుడు తలెత్తి చూడలేదా ఏంటి?"

వారం తిరక్కుండా పడమటి గట్టు దాని పాతచోటికి వచ్చేసింది. రాఘవయ్య వచ్చి, "ఇంకో ఫోటో తీయించు బావా, సర్దేశానని పైవాళ్లకు తెలియాలి గదా," అని బతిమాలాడు. నరసింహారావు మీసం మెలేశాడు.

ఆదివారం చర్చి నుంచి తిన్నగా రాహేలు టీచరు వచ్చింది. తూర్పు వైపు అరెకరం ఆవిడదే. ఇక్కడొక మాట చెప్పాలి. పడమట పోయినదాన్ని నరసింహారావు కొన్నేళ్లుగా తూర్పు గట్టు జరిపి పూడ్చుకుంటున్నాడు. మొగుడు పోయిన మనిషి, బడి చూసుకునే మనిషి, ఆవిడేం చూస్తుందిలే అనుకున్నాడు.

"బాబాయిగారూ, మీ పడమటి గట్టు ఫోటోలో పడిందటగా. మరి మన తూర్పు గట్టు కూడా పడే ఉంటుంది గదండీ?"

రాఘవయ్య అక్కడే కూర్చుని కాఫీ ఊదుకుంటున్నాడు. అందులో గట్టూ లేదు, గాడిదగుడ్డూ లేదు అందామంటే, బావ కాఫీ వదిలేసి పార అందుకుంటాడు. ఉంది అంటే ఈవిడ నేల ఈవిడకి పోతుంది. నరసింహారావుకు కక్కాలేని, మింగాలేని స్థితి.

టీచరు కళ్లజోడు పెట్టుకుని ఫ్రేము మీదికి వంగింది. లోపల్నుంచి నరసింహారావు భార్య హైమావతి పెన్సిలు తెచ్చి అతని చేతికిచ్చింది. "చూపించండి. ఊరందరికీ చూపించారుగా!"

పెన్సిలు కింద పెట్టేశాడు. ఆవిడ కళ్లలోకి చూడలేకపోయాడు. మొదటిసారి నిజంగా సిగ్గేసింది.

"ఫోటో ఎందుకులే అమ్మా. రేపు పొద్దున్నే నేనే జరుపుతాను."

మర్నాడు పంచె ఎగగట్టి, పార పట్టి, నడుం విరిగేలా మన్ను తోడాడు. మధ్యమధ్యలో ఆకాశంకేసి చూస్తూనే ఉన్నాడు. రాఘవయ్య గొడుగు వేసుకుని తమాషా చూస్తున్నాడు.

గట్టు పాతచోటు దాకా వచ్చి పార దించాడు. "సరిపోయిందా తల్లీ?"

రాహేలు టీచరు తాపీగా తల అడ్డంగా ఊపింది.

"ఇంకో మూరెడండి బాబాయిగారూ. ఫోటోలో అక్కడిదాకా ఉంది."

నరసింహారావు రాఘవయ్య వైపు చూశాడు, ఆకాశం వైపు చూశాడు, మళ్లీ పార ఎత్తాడు.