చారూ, పులుసూ

మరిసెల్ రెండు పిల్లులతో కర్మన్‌ఘాట్‌లోని ఆ రెండో అంతస్తు ఇంటికి వచ్చేసరికి, ఆ ఇల్లు చూసిపెట్టిన క్రాంతి కుమార్ చనిపోయి నెల దాటింది.

ఆమెది ఫిలిప్పీన్స్. అతనిది నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చి మీర్‌పేట్‌లో ఉంటున్న క్రైస్తవ కుటుంబం. ఇద్దరూ దోహాలో ఒకే హోటల్లో పనిచేసేవారు. అతను వ్యాను నడిపేవాడు, ఆమె దుప్పట్లు ఉతికే చోట ఉండేది. పెళ్లి అక్కడే అయింది. ఇక హైదరాబాద్‌లోనే బతుకుదామని అనుకున్నాక, ఇల్లు సిద్ధం చేయడానికి అతను ముందుగా వచ్చాడు. మంచం కొన్నాడు, గ్యాసు పెట్టించాడు, పిల్లులు దూకకుండా బాల్కనీకి వల కట్టడం మొదలుపెట్టాడు. అది పూర్తి కాకముందే ఒక మధ్యాహ్నం ఎల్బీ నగర్ చౌరస్తాలో బండి పక్కకు ఆపి, ఛాతీ పట్టుకుని కూర్చుండిపోయాడు. దవాఖానకు చేర్చేలోపే ప్రాణం పోయింది.

అతని సమాధి కార్యక్రమానికి మరిసెల్ వచ్చింది. మళ్లీ దోహా వెళ్లి గది ఖాళీ చేసింది. ఇంకా హైదరాబాద్‌కెందుకు పోవడమని తోటివాళ్లు అడిగితే, పిల్లుల ప్రయాణానికి అంతా సిద్ధమైపోయింది కదా, అంది. అంతకంటే పెద్ద కారణం ఆమెకే కనిపించలేదు. సొంతూరికి వెళ్లాలన్నా, దోహాలో ఉండిపోవాలన్నా కొత్తగా ఏదో ఒకటి నిర్ణయించుకోవాలి. ఇది ఒక్కటే ముందే నిర్ణయమైపోయి ఉంది.

పిల్లుల్లో బూడిద రంగుది పులుసు. చిన్నది, తెల్లటి పొట్ట ఉన్నది, చారు. ఇంటి తిండి మీద బెంగతో క్రాంతి పెట్టిన పేర్లవి. కొత్త ఇంట్లో పులుసు నేరుగా మంచం కిందికి దూరింది. చారు మాత్రం బాల్కనీలో కూర్చుని పావురాలను చూస్తుండేది. మరిసెల్ వాటికి తిండి పెట్టేది, అవి దొడ్డికి పోయే డబ్బాలో మట్టి మార్చేది, తర్వాత కుర్చీలో కూర్చునేది.

రోజూ పొద్దున్నే అత్త ఎస్తేరమ్మ మీర్‌పేట్ నుంచి ఆటోలో టిఫిన్ డబ్బా తెచ్చేది. ఆమె ఒక బడిలో ఆయాగా చేసి మానేసింది.

"తిన్నవా బిడ్డా?"

"తిన్న." క్రాంతి నేర్పిన తెలుగు మాటల్లో అదొకటి.

"ఏం తిన్నవ్?"

మరిసెల్ ఆలోచించేది. గుర్తొచ్చేది కాదు.

"మనిషి పానానికే దిక్కులేదు, మల్ల గీ రెండు పిల్లులొకటి," అని గొణుగుతూ ఎస్తేరమ్మ అన్నం కలిపి కోడలి ముందు పెట్టేది. పిల్లుల్ని ముట్టుకునేది కాదు.

ఒకరోజు కోడల్ని దిల్‌సుఖ్‌నగర్ తీసుకెళ్లి కిటికీలకు పరదాలు కొనిపించింది. ఏ రంగు కావాలని దుకాణంవాడు అడిగితే మరిసెల్ వేలితో చూపించింది. ఇంటికొచ్చి విప్పాక గానీ అవి పచ్చవని ఆమె గమనించలేదు.

ఆ మర్నాడు, వల లేని మూల నుంచి చారు పక్కింటి గోడ మీదికి దూకింది. మరిసెల్ చూస్తూనే ఉంది. దాని తెల్లటి పొట్ట గాలిలో ఒక్క క్షణం కనిపించింది. లేవాలని ఆమెకు తెలుసు. కాళ్లకు ఆ సంగతి చేరలేదు.

ఎస్తేరమ్మ వచ్చి ఇల్లంతా చూసింది. "చిన్నదేది?"

"పోయింది."

"ఎటు పోయింది? ఎప్పుడు?"

మరిసెల్ బాల్కనీ వైపు చూపించింది. ఎస్తేరమ్మ డబ్బా నేల మీదే పెట్టి గబగబా మెట్లు దిగింది. కాసేపటికి గల్లీలోంచి ఆమె గొంతు వినిపించింది.

"చారూ! ఓ చారూ!"

ఎదురింటి పెంటమ్మ తలుపు తీసింది. "ఏందక్కా, చారు కావాల్నా? ఇప్పుడే దించిన, ఆగు." స్టీలు గిన్నెలో పొగలు కక్కే చారు తెచ్చి చేతిలో పెట్టింది.

"గా చారు కాదమ్మా! పిల్లి. మా కోడలి పిల్లి."

"పిల్లికి చారని పేరా!" పెంటమ్మ పకపకా నవ్వింది. "ఎవరు పెట్టిన్రక్కా గా పేరు?"

"నా కొడుకు."

పెంటమ్మ నవ్వు ఆపేసింది. ఎస్తేరమ్మ గిన్నె పట్టుకుని గల్లీ మధ్యలో అలాగే నిలబడిపోయింది. పైన బాల్కనీ పక్క కుర్చీలోంచి అది చూసిన మరిసెల్ లేచింది. చెప్పులు వేసుకోకుండానే దిగింది.

గల్లీ చివర కడుతున్న ఇంట్లో, ఇటుకల దొంతర మీద చారు ముడుచుకుని ఉంది. మరిసెల్ పిలిచింది. పిల్లి ఇంకా వెనక్కి జరిగింది.

"ఏందిరా గట్ల జూస్తవ్? ఇటు రా, అన్నం తిందువు రా," అంది ఎస్తేరమ్మ.

పిల్లి చెవులు నిక్కాయి. ఒక్కొక్క ఇటుకే దిగి వచ్చి, ఆమె చీర కుచ్చిళ్లకు ఒళ్లు రాసుకుంది.

మరిసెల్ అత్త ముఖం వైపు చూసింది. "క్రాంతి... గిట్లనే అంటడు. డ్యూటీ నుంచి ఒచ్చి."

ఎస్తేరమ్మ కుచ్చిళ్ల దగ్గరి పిల్లిని చూసింది. "వాణ్ని నేను గిట్లనే పిలుస్తుంటి బిడ్డా. బడి నుంచి ఒస్తుంటే."

ఇప్పుడు ఏడుపు వస్తుందేమో అనుకుంది మరిసెల్. రాలేదు. అరికాళ్ల కింద కంకర గుచ్చుకుంటోందని మాత్రం తెలిసింది. ఇన్నాళ్లలో ఒంటికి ఏదైనా తెలియడం అదే మొదలు. ఆమె పిల్లిని ఎత్తుకుంది. ఎస్తేరమ్మ గిన్నె ఒలక్కుండా పట్టుకుని ముందు నడిచింది.

ఆ చారు పోసుకుని ఇద్దరూ అన్నం తిన్నారు. సాయంత్రం ఎస్తేరమ్మ ఎవర్నో పిలిపించి మిగిలిన వల కట్టించింది. కొన్నాళ్లకు మీర్‌పేట్‌లో కిరాయి గది ఖాళీ చేసి, తన బీరువాతో సహా వచ్చేసింది.

మరిసెల్‌కు బాగైపోయిందని చెప్పలేం. కొన్ని రోజులు ఇంకా కుర్చీలోనే గడిచిపోతాయి. అలాంటి రోజుల్లో అత్తే పిల్లులకు చేప ఉడకబెడుతుంది, ముల్లు తీస్తూ వాటిని తిడుతుంది. మరిసెల్ వింటూ ఉంటుంది. తెలియని తిట్టు వస్తే, దాని అర్థం ఏమిటని అడుగుతుంది.