పాత ఆసుపత్రి లాండ్రీ

ప్రతిఫలం కోరకుండా చేసేది సేవ అని రాధారాణి చిన్నప్పటినుంచీ ప్రవచనాల్లో విన్నదే. మరి ప్రతిఫలం ఇవ్వకుండా చేయించుకునేదాన్ని ఏమంటారో ఎవరూ చెప్పలేదు. దీపం పెట్టేటప్పుడు దేవుణ్ణి అడగాలనుకుంటుంది. అడిగితే అపచారమేమోనని నమస్కారం పెట్టి బేస్‌మెంట్‌లోకి దిగుతుంది.

షాంటిలీలో వాళ్ళింటి బేస్‌మెంటే ఆమె భర్త గోపీనాథ్ ఆర్కిటెక్ట్ ఆఫీసు. రాధారాణి పెళ్ళికి ముందు పాలిటెక్నిక్‌లో డ్రాఫ్టింగ్, అంటే కట్టడాల నక్షాలు గీయడం, నేర్చుకుంది. ఆఫీసు డ్రాయింగులన్నీ ఆమే గీస్తుంది. ఈ దేశం వచ్చిన కొత్తలో, "నీకు వర్క్ పర్మిట్ లేదు కదా, జీతం ఇస్తే ఇద్దరికీ ప్రాబ్లమ్" అన్నాడతను. గ్రీన్ కార్డ్ వచ్చాక, "మనింట్లో మనకి జీతమేంటి రాధా, నవ్వుతారు" అన్నాడు. ఊరికే కూర్చుంటే ఆడదానికి మతి చలిస్తుందనీ, పని చూపించే మొగుడు దొరకడం అదృష్టమనీ అత్తగారు ఫోనులో అంటూ ఉండేది.

ఈ ఏడాది వచ్చిన పని నూరేళ్ళు దాటిన ఒక పిచ్చాసుపత్రిది. మూతపడ్డ లాండ్రీని మ్యూజియం చేస్తారట. ఉన్నదున్నట్టు కొలిచి గీయాలి. టేపు పట్టుకుని ఇటుక దుమ్ములో తిరిగింది రాధారాణే. అతను కారులో కూర్చుని ఫోన్లు మాట్లాడాడు. ఆసుపత్రి దుప్పట్లన్నీ ఆడరోగులే ఉతికి ఇస్త్రీ చేసేవారని అక్కడ గోడమీద రాసి ఉంది. పనే వాళ్ళకు మందని డాక్టర్లు అనేవారట, అందుకని కూలి లేదు. ఇస్త్రీ గది కిటికీలు మనిషి తలకన్నా ఎత్తున ఉన్నాయి. వెలుతురు చేతుల మీద పడాలి, కళ్ళు మాత్రం బయటికి పోకూడదు. ఆ కిటికీలు గీసేటప్పుడు ఆమె చేయి కాసేపు ఆగింది. వంట వేళవుతోందని మళ్ళీ సాగింది.

డ్రాయింగు చూసి మ్యూజియం తరఫున మిసెస్ హాల్‌బర్ట్ ఇంటికే వచ్చింది. ప్రతి ఇటుకనూ తడిమి గీసినట్టుంది, ఎవరు గీశారని అడిగింది. రాధారాణి కాఫీ ట్రేతో గుమ్మంలో ఉంది. గోపీనాథ్ భార్యను చూస్తూనే తాపీగా చెప్పాడు: డ్రాఫ్టింగ్ ఇండియాలో చేయిస్తాననీ, రాత్రి పంపితే తెల్లారేసరికి వచ్చేస్తుందనీ, చాలా చవకనీ. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆవిడ కప్పు అందుకుని, కాఫీ బాగుందని రాధారాణిని మెచ్చుకుంది.

ఆవిడ వెళ్ళాక, "ముఖం అలా పెట్టకు. వైఫ్ చేసిందంటే ప్రొఫెషనల్‌గా ఉండదు" అన్నాడు. "బాయిలర్ రూమ్ డ్రాయింగ్ మండేకి కావాలి."

రాధారాణి కప్పులు కడిగి చేతులు తుడుచుకుంది.

"ఇండియాకి పంపించండి" అంది.

జోక్ అనుకుని నవ్వాడు. సోమవారం వచ్చినా ఆమె బేస్‌మెంట్‌లోకి దిగలేదు. అరిచాడు. తల్లి చేత ఫోన్ చేయించాడు. చివరికి, "నిన్నెవరు తీసుకుంటారు? ఏం ఎక్స్‌పీరియన్స్ చూపిస్తావు?" అన్నాడు. ఆ మాట నిజమే. ఇన్నేళ్ళలో గీసిన ఏ కాగితం మీదా ఆమె పేరు లేదు. తనకు కూతుళ్ళయ్యే వయసు పిల్లల పక్కన, వాళ్ళకిచ్చే జీతానికే, ఒక కాంట్రాక్టర్ ఆఫీసులో చేరింది. రోజంతా పార్కింగ్ లాట్లు గీయడమే పని.

శుక్రవారం గుడికి వెళ్ళి, అమ్మవారికి తను కొన్న పట్టు రవికె గుడ్డ, పసుపు కుంకుమలతో పళ్ళెంలో పెట్టి, మొక్కని చెప్పి అందించింది. మొక్కు ఎప్పటిదమ్మా అని అడిగారు పంతులుగారు.

"ఈ దేశం వచ్చిన వారంలో మొక్కుకున్నానండీ. మొదటి జీతం నిన్న వచ్చింది."