రెండు చుట్ల నల్ల టేపు

ట్యాంకుకు ఆనించిన కర్ర రెండో కొస చెవి దగ్గర పెట్టుకోగానే, ట్రాన్స్‌ఫార్మర్ లోపల ఏదో వేగుతున్న చప్పుడు ఫణిభూషణ్‌కు వినిపించింది.

ఎప్పుడూ ఉండే గుయ్యిమనే మోత కాదు. దాని అడుగున, వేడి పెనం మీద నీళ్లు చిలకరించినట్టు చిటపట. ఆగింది. మళ్లీ చిటపట.

"నరసింహ గారూ, ఒకసారి ఇలా రండి. మీరు వినండి."

ఆపరేటర్ నరసింహ కర్ర అందుకున్నాడు. ముప్పై ఏళ్ల సర్వీసు. మీటర్లు చూడకుండా, కర్ర పెట్టి విని ట్రాన్స్‌ఫార్మర్ ఎలా ఉందో చెప్పగల మనిషి. అసిస్టెంట్ ఇంజినీరుగా కొత్తగా వచ్చిన ఫణికి ఆ విద్య నేర్పిందీ ఆయనే. ఈరోజు మాత్రం రెండు క్షణాలు విని కర్ర దించేశాడు.

"ఎండలకు గట్లనే ఉంటది సార్. లోడ్ మస్తున్నది."

"లోడుకి మోత పెరుగుతుంది. చిటపటలాడదు. మీరు చెప్పిందే కదా!"

నరసింహ కర్ర చంకలో పెట్టుకుని కంట్రోల్ రూమ్ వైపు నడిచాడు.

అది 2002 మే నెల చివరి వారం. మేడ్చల్ నుంచి శామీర్‌పేట వెళ్లే దారిలో ఉన్న ఆ సబ్‌స్టేషన్‌లో పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే. పద్నాలుగు ఊళ్ల బోర్లు దాని మీదే నడుస్తాయి. ఆపాలంటే పై అధికారి డీఈ హేమచంద్ అనుమతి కావాలి. ఫణి ఫోన్ చేశాడు. ఎవరూ ఎత్తలేదు. ఫోన్ పెట్టేసి బ్రేకర్ హ్యాండిల్ తిప్పేశాడు.

మోత ఆగింది. కంట్రోల్ రూమ్‌లో ఫ్యాన్ మెల్లగా నిలబడిపోయింది.

ట్రాన్స్‌ఫార్మర్‌లో రాగి తీగ చుట్టూ కాగితం ఉంటుంది, కాగితం చుట్టూ నూనె. ముప్పై మూడు వేల వోల్టులను అదుపులో పెట్టేది ఆ రెండే. నూనెలో తడి చేరితే బలహీనమైన చోట కంటికి కనిపించనంత చిన్న రవ్వలు పుడతాయి. వాటిని ఏ మీటరూ చూపించదు. ఒక్కో రవ్వ కాగితాన్ని చీమ కొరికినంత కొరుకుతుంది. కాగితం అయిపోయిన రోజు ట్యాంకు పగులుతుంది. ఎదురుగా ఎవరుంటే వాళ్లు పోతారు.

ఫణి అడుగు వాల్వ్ నుంచి సీసాలోకి నూనె పట్టాడు. తేనె రంగులో ఉండాల్సింది డికాక్షన్ రంగులో దిగింది.

మార్చిలో ట్యాంకు మూత గ్యాస్కెట్ నుంచి నూనె కారి తగ్గితే, స్టోరు గదిలోని కొత్త డ్రమ్ము నూనె పోయించింది తనే. పరుగెత్తి వెళ్లి డ్రమ్ము మూత తీశాడు. అడుగున మిగిలిన నాలుగు లీటర్లూ నలుపే. కాలిన వాసన.

కొత్త నూనె ఎవరో కాజేసి, కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ల నూనె డ్రమ్ములో నింపారు. ఆ విషం తన చేతులమీదుగానే లోపలికి పోయింది. పోసే ముందు పరీక్ష చేయించిన రిపోర్టు మీద సంతకం కూడా తనదే.

పదిన్నరకు హేమచంద్ జీపు దిగాడు. ఫణి డ్రమ్ము మూత తీసి చూపించాడు.

"పద్నాలుగు ఊళ్ల సర్పంచులు నన్ను పీక్కు తింటున్నారయ్యా! ఐదింటికల్లా నాకు దొంగ పేరు కావాలి. గదులన్నీ వెతకండి."

పావుగంటలో దొరికింది. వాచ్‌మన్ కుర్మయ్య గదిలో, పొయ్యి వెనకాల అరసీసా నూనె. తేటగా, మెరుస్తూ.

కుర్మయ్యది గౌడవెల్లి. ఆరేళ్లుగా కాంట్రాక్టు నౌకరి. వచ్చే నెల పర్మనెంటు జాబితాలో పేరుంది. గేటు పక్కన గొంతుక్కూర్చుని తల ఎత్తలేదు.

"నేను దొంగతనం చెయ్యలే సార్."

"సీసా నడిచి వచ్చిందా?" హేమచంద్ అరిచాడు. "ఎవడిచ్చాడు?"

కుర్మయ్య నేల చూశాడు. భార్య సిద్దమ్మ అతని భుజం పట్టి ఊపేసింది.

"చెప్పవేందయ్యా! నోట్ల నాలుక లేదా? జైల్ల ఏస్తరంట! ఇద్దరు పిల్లలను పట్టుకొని నేనేడ బోవాలె?"

"నువ్వు ఊకోయే," అన్నాడు కుర్మయ్య. అంతే.

"సార్, స్టోరు తాళం పగల్లేదు," అన్నాడు ఫణి. "తాళంచెవి వాచ్‌మన్ దగ్గర ఉండదు."

"దొంగకి తాళం ఒక లెక్కా? ఐదింటికి పోలీసు జీపు వస్తుంది. నువ్వు వెళ్లి ఆ రెండు నూనెలూ టెస్ట్ చేయించుకురా."

ఫణి సీసా అందుకున్నాడు. బిరడా మీద రెండు చుట్ల నల్ల టేపు. సులువుగా లాగడానికి వీలుగా టేపు కొస వెనక్కి మడిచి ఉంది. ఎక్కడో చూసినట్టు అనిపించింది. ఆలోచించే వ్యవధి లేదు.

ల్యాబులో గిన్నెలో నూనె పోసి, రెండు ఇత్తడి గుండ్లు దగ్గరగా పెట్టి, వోల్టేజీ పెంచారు. మంచి నూనె యాభై వేలకైనా తట్టుకోవాలి. ట్రాన్స్‌ఫార్మర్ నూనె పదకొండు వేలకే ఫట్‌మంది. గుండ్ల మధ్య నీలం రవ్వ.

"ఇది నూనెనా, చారా సార్?" అన్నాడు ల్యాబు కుర్రాడు.

సీసాలో నూనె అరవై వేలకు కూడా చెక్కు చెదరలేదు. అసలు డ్రమ్ము నూనె అదే. కుర్మయ్య మెడకు ఉరి బిగిసినట్టే.

మూడున్నరకు తిరుగు దారిలో, చొక్కా మార్చుకుందామని ఫణి అల్వాల్‌లో ఇంటి ముందు బండి ఆపాడు. వరండాలో తల్లి కామేశ్వరమ్మ కాళ్లు చాపుకుని మోకాళ్లు రుద్దుకుంటోంది.

ల్యాబులో సీసా బిరడా తీసినప్పుడు వచ్చిన అదే వాసన.

నెలన్నరగా రోజూ ఇంట్లో అడుగు పెట్టగానే ఆ వాసన వస్తూనే ఉంది. తన బట్టలదే అనుకున్నాడు.

"అమ్మా, ఏంటది?"

కామేశ్వరమ్మ సీసా కొంగు కిందకి లాక్కుంది. "నువ్వు ఒద్దంటావనే చెప్పలేదురా. మీ నరసింహ గారు తెచ్చిచ్చారు. ఉగాదికి మామిడికాయలు ఇవ్వడానికొచ్చి, నేను గోడ పట్టుకుని మెట్లు దిగడం చూశారు. పైసా పుచ్చుకోలేదు. మహానుభావుడు!"

సీసా మూతి చుట్టూ రెండు చుట్ల నల్ల టేపు. కొస వెనక్కి మడిచి ఉంది.

ఫణి సంచిలోంచి కుర్మయ్య సీసా తీసి పక్కన పెట్టి చూశాడు. కేబుల్‌కు టేపు చుట్టిన ప్రతిసారీ కొస అలా మడిచే మనిషి యార్డులో ఒక్కడే. నోరు విప్పితే 'ఏఈ ఇంట్లో దొంగ నూనె' అంటారు. నూనె పోయించిందీ తనే, సంతకం పెట్టిందీ తనే, సీసా తన ఇంట్లోనే. ఎవరు నమ్ముతారు? ఉద్యోగం పోవచ్చు. ఇంకా ఏమైనా కావచ్చు. నోరు మూసుకుంటే ఐదింటికి కుర్మయ్య జీపెక్కుతాడు. ఆ తర్వాత ఎవరూ ఏమీ అడగరు.

"అలా అయిపోయావేంట్రా?"

"ఆ సీసా ఇలా ఇవ్వమ్మా."

"ఇంకా సగం ఉందిరా!"

లారీల మధ్య నుంచి బండి దూర్చుకుంటూ అతను చేరేసరికి ఐదుకు ఐదు నిమిషాలు తక్కువ. జీపు అప్పటికే వచ్చేసింది. కానిస్టేబుల్ కుర్మయ్య రెక్క పట్టుకుని ఉన్నాడు. సిద్దమ్మ చక్రాల ముందు అడ్డంగా పడుకుని ఉంది. కంట్రోల్ రూమ్ గుమ్మంలో నరసింహ, చేతిలో కర్రతో.

ఫణి రెండు సీసాలూ జీపు బానెట్ మీద పెట్టాడు.

"ఈ రెండోది మా ఇంట్లో దొరికింది. కుర్మయ్యని ఎక్కిస్తే నన్నూ ఎక్కించండి."

"నీకేమైనా పిచ్చా?" హేమచంద్ నోరు తెరిచాడు.

"మూతుల మీద టేపు చూడండి సార్. చుట్టిన చెయ్యి ఒకటే. ఎవరిదో నాకు తెలుసు. కుర్మయ్యకీ తెలుసు. చచ్చినా చెప్పడు."

కుర్మయ్య నరసింహ వైపు తిరిగి గొల్లుమన్నాడు. "పటేలా, నేనేం చెప్పలే! పిల్లల మీద ఒట్టు, నేనేం చెప్పలే!"

కర్ర కింద పడిన చప్పుడు. నరసింహ జీపు దగ్గరికి నడిచి వచ్చాడు. కుర్మయ్య రెక్క మీద ఉన్న కానిస్టేబుల్ చేతిని తనే విడిపించాడు.

"ఇడిసిపెట్టుండ్రి. నేనే తీసిన.

రెండేండ్ల కింద మా అమ్మ లక్ష్మీకాంతమ్మ మంచం దిగకపాయె. ట్రాన్స్‌ఫార్మర్ నూనె రాస్తే మోకాళ్లు ఇడుస్తయని ఎవరో అన్నరు. స్టోరు తాళంచెవి ఆపరేటర్లకాడనే ఉంటది, డ్రమ్ముల నుంచి ఒక్క సీసా తీస్కపోయిన. పది దినాలకు లేచి బాయికాడికి నడిసింది సార్. నూనెతోనేనా, నాకు తెల్వది. మా ఊరు అత్వెల్లంత సూసింది. ఇగ రోజు పొద్దుగాల ఇంటి ముంగట ముసలోళ్లు, సీసాలు పట్టుకొని. ఒక్క పైస ముట్టలే. లేదనెతందుకు నోరు రాలే. టిన్నులల్ల నింపి ఇంటికే తెచ్చి పెట్టుకున్న.

డ్రమ్ము ఖాళీ అయితే దొరుకుత. మూలకు కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్లు పడున్నయ్ గద, వాటిల నూనె బట్టతోని వడగట్టి పోసిన. నల్లది మనుషులకు రాస్తే తోలు పాడైతదని వాళ్లకు మంచిదిచ్చిన. డ్రమ్ము ఎవడు తీస్తడు, రిటైరయ్యేదాక గట్లనే ఉంటదనుకున్న.

మార్చిల గ్యాస్కెట్ కారింది. డ్రమ్ము పొయ్యమని మీరే అన్నరు, ఫణి సార్. టెస్టు సీసా మీద చీటికి సంతకం పెట్టి ఖాళీ సీసా నా చేతికిచ్చిండ్రు. నా మీద నమ్మకం మీకు. నేను ఇంటికాడి టిన్నుల నుంచి నింపి పంపిన. గప్పుడన్న చెప్పాలె. చెప్పలే. నూనె నూనెనే గద, పోతే ఏమైతదనుకుంట నా చేతులతోనే పోసిన.

చిటపట మీరు ఇయ్యాల ఇన్నరు. నేను నెల కిందనే ఇన్న. రోజు కర్ర పెట్టి ఇన్న. రేపు తగ్గుతది, రేపు తగ్గుతది అని.

సిద్దమ్మ మోకాళ్లకని కుర్మయ్య చేతికి సీసా ఇచ్చింది నేనే, ఎవరిచ్చిండ్రో ఆమెకు చెప్పొద్దన్న. కుర్మయ్యకు నౌకరి పెట్టిచ్చింది నేనే, గందుకే ఆయన నోరు తెరవలే. పొద్దటి సంది గా గుమ్మంల నిలవడి సూస్తనే ఉన్న. ఆయన పోతే నాకు ఇగ భయం లేదనుకున్న సార్. నిజం, గట్లనే అనుకున్న. రాసుకోండ్రి."