భిన్నాల పాఠంలో గులాబీల వాన

తెర మీద బంగారు తలుపులు తెరుచుకున్నాయి. షెహనాయి మోగింది. గులాబీ రేకులు జలజలా రాలాయి. ఆ వానలోంచి, చేతిలో నాలుగు మూలల నాన్ పట్టుకుని, నుజహత్ టీచర్ నవ్వుతూ ప్రత్యక్షమైంది.

గదంతా పగలబడి నవ్వింది.

వెనక బెంచీలో కూర్చున్న నుజహత్ మాత్రం ముందుకు వంగి తెర వంకే చూసింది. అది తన వీడియోనే. ఐదో తరగతి పిల్లలకు నాన్ ముక్కలతో భిన్నాలు నేర్పే పాఠం. నిన్న సాయంత్రం ఇంట్లో ఎడిటింగ్ ముగించినప్పుడు అందులో తలుపుల్లేవు, షెహనాయి లేదు, ఒక్క గులాబీ రేకు కూడా లేదు.

"షాదీ ముబారక్ నుజ్జూ!" అంది పక్కనున్న రూప చెవిలో. "పెండ్లికొడుకేడే? గా నాన్ రొట్టేనా?"

"నోర్మూస్కోవే! ఈడ నా పానం పోతుంటే."

ముందు వరసలో ఇద్దరు మాత్రం నవ్వలేదు. ఒకరు కృష్ణయ్య సార్. దబీర్‌పురాలోని ఆ బీఎడ్ కాలేజీలో, కాబోయే టీచర్లకు వీడియో పాఠాలు తీయడమూ ఎడిట్ చేయడమూ నేర్పేది ఆయనే. రెండోవారు పరీక్ష పెట్టడానికి బయటి నుంచి వచ్చిన రాజమణి మేడమ్. ఆమె చేయెత్తింది. వీడియో ఆగింది.

"గిది పాఠమా, బారాత్ సీడీనా?"

నుజహత్ లేచి నిలబడింది. "మేడమ్, గివన్నీ నేను పెట్టలే."

"మరెవరు పెట్టిన్రు?"

"తెల్వదు మేడమ్."

"నీ వీడియోల ఎవరో చెయ్యి పెట్టిన్రు. ఎవరో నీకే తెల్వదు. నీది కాని పనికి నేను మార్కులెట్ల ఎయ్యాలె?" మేడమ్ లేచింది. "చాయ్ తాగొస్త. గంతల తేల్చు. లేకుంటే సున్నా."

సున్నా అంటే ఇంకో ఏడాది. ఫలితం రాగానే వచ్చి చేరమని జహనుమాలో ఒక బడివాళ్లు మాటిచ్చారు. ఆ కుర్చీ ఏడాదిపాటు ఆమె కోసం ఖాళీగా ఉండదు.

"దొంగెవరో నాకెరుకే," అంది రూప. "పత్తర్‌గట్టిల షాదీ వీడియోల దుకాణం ఎవరిది? మీ జుల్ఫికర్ భాయ్‌ది కాదా?"

అనుమానానికి కారణం ఉంది. నుజహత్ ఎడిటింగ్ చేసింది ఇంట్లో మూల పడి ఉన్న అన్న పాత కంప్యూటర్ మీదనే. పొద్దున హడావుడిలో ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని పరుగెత్తుకొచ్చింది. తెరిచి చూసుకోలేదు. వెంటనే ఫోన్ కలిపింది. అవతల బ్యాండు మోత.

"భాయ్! నా వీడియో ఏం చేసినవ్?"

"ఏం వీడియో? నేను నిన్న పొద్దుగాల్నే సంగారెడ్డి వచ్చిన. ఈడ వలీమా దావత్ షూటింగ్ నడుస్తుంది."

"మరి గులాబీలు ఎవరేసిన్రు?"

"గులాబీలా? ఖుదా కసమ్, నా ఇజ్జత్ తియ్యకే! గులాబీలు ఇడ్సిపెట్టి ఎన్నేండ్లాయె! ఇప్పుడంత డ్రోను, స్లో మోషను. గులాబీలేస్తే పెండ్లోళ్లు నన్ను ఉరికిచ్చి తంతరు." ఉన్నట్టుండి గొంతు తగ్గింది. "బంగారు తలుపులు గూడ ఉన్నయా?"

"ఉన్నయి."

అన్న పడీ పడీ నవ్వాడు. "అట్లయితే ఎవరో పాత ఉస్తాద్. ఫికర్ చెయ్యకు, ఎతుక్కో!" ఫోన్ పెట్టేశాడు.

ఈలోగా రూప పెన్‌డ్రైవ్‌ను జల్లెడ పట్టింది. "నుజ్జూ! రెండు ఫైళ్లున్నయే! నీ అసలుది గూడ ఈడనే ఉంది. సార్ కొత్తదాన్ని నొక్కిండు, గంతే. ఇది చూపెట్టు, ఖతం!"

నుజహత్‌కు పోయిన ప్రాణం లేచొచ్చింది. తన ఫైల్ తెరిచింది. తలుపుల్లేవు. షెహనాయి లేదు. నాన్ నాలుగు ముక్కలైంది, పిల్లలు పావు పావు అందుకున్నారు. మూడో వరసలోంచి రెండు జడల పిల్ల ఒకతి ముందుకు వంగింది.

మున్నీ!

లేచొచ్చిన ప్రాణం మళ్లీ జారిపోయింది. షూటింగ్ రోజున బడి గేటు దగ్గర మున్నీ వాళ్ల నాన్న చెప్పిన మాట చెవిలో గింగురుమంది. "పాఠం చెప్పు టీచరమ్మా, వద్దనను. గని మా బిడ్డ మొఖం మాత్రం వీడియోల పడొద్దు." దాస్తానని మాటిచ్చింది. మొన్న అన్నం తింటూ ఇంట్లో కూడా అంది, మున్నీ ముఖం కప్పాలని. తర్వాత ఎడిటింగ్ సరదాలో శుభ్రంగా మరిచిపోయింది. ఇంట్లోవాళ్లు వద్దన్న పిల్ల ముఖం కనబడితే ఆ వీడియోకు మార్కులే ఉండవని కృష్ణయ్య సార్ మొదటి క్లాసులోనే చెప్పారు. ఇదే గనక ఇందాక అందరి ముందూ ఆడి ఉంటే?

ఆమెకు ఏదో తట్టింది. గులాబీల వీడియో మళ్లీ పెట్టింది, ఈసారి షెహనాయి నోరు మూసి. రేకులు ఇష్టం వచ్చినట్టు రాలుతున్నాయి. కానీ ఒక్క పెద్ద గులాబీ మాత్రం రాలడం లేదు. అది మూడో వరసలో, సరిగ్గా మున్నీ ముఖం మీద కూర్చుంది. మున్నీ వంగితే గులాబీ వంగింది. మున్నీ నాన్ అందుకోబోతే గులాబీ వెంట నడిచింది. ఒక్క చోట కూడా తప్పుకోలేదు.

"ఇది ఆటకు పెట్టిన పువ్వు కాదమ్మా," అన్నారు వెనక నిలబడి చూస్తున్న కృష్ణయ్య సార్. "అడుగడుగునా చేత్తోని జరిపిన్రు. మస్తు ఓపిక కావాలె దీనికి."

ఆ ఓపిక నుజహత్‌కు తెలుసు. చిన్నప్పుడు ఆ ఒడిలోనే కూర్చుంది. పెళ్లిలో ఆడవాళ్ల వైపు తీసిన వీడియో మగవాళ్ల చేతికి పోకూడదు. ఆ దుకాణాన్ని నాన్న నడిపే రోజుల్లో వాటి ఎడిటింగ్ ఇంట్లోనే, తలుపేసుకుని జరిగేది. కనబడటం ఇష్టం లేదన్న ప్రతి ముఖం మీదా ఒక గులాబీ పూసేది. దాని కింద ఎవరున్నారో చెప్పుకోవడం నుజహత్‌కు అప్పట్లో పెద్ద ఆట.

రాజమణి మేడమ్ తిరిగొచ్చింది. "తేలిందా?"

"తేలింది మేడమ్. గని దానికన్న ముందు నా తప్పు చెప్పాలె." రూప గట్టిగా గిల్లింది. నుజహత్ ఆగలేదు. "ఈ పిల్ల మొఖం దాస్తనని వాళ్ల నాన్నకు మాటిచ్చిన. నేను మర్చిపోయిన. దాచింది ఈ గులాబీనే."

మేడమ్ రెండు వీడియోలూ చూసింది. ఒకసారి కాదు, రెండుసార్లు. కృష్ణయ్య సార్ గొంతు సవరించుకున్నారు. "మేడమ్, ఆమె కాపీ ఇంకా అందరి ముంగట ఆడలే. ఇయ్యాల సాయంత్రం దాంక గడువుంది."

"నువ్వు కూసో," అంది మేడమ్ నుజహత్‌తో. "నీ కాపీ తియ్యి. నా కండ్ల ముంగట దాచు."

నుజహత్ మౌస్ అందుకుంది. గులాబీ జోలికి పోలేదు. పాఠంలోంచే పావు నాన్ బొమ్మ ఒకటి కత్తిరించి మున్నీ ముఖం మీద పెట్టింది. మున్నీ కదిలిన చోటల్లా ఆపింది, జరిపింది, మళ్లీ ఆపింది. నాన్ ముక్క ఒక్క చోట కూడా తప్పుకోలేదు. చివరికి అందరి ముందూ ఆడించింది. రెండు జడలున్న పావు నాన్ ఒకటి చెయ్యి చాపి ఇంకో పావు నాన్ అడిగింది!

గది చప్పట్లతో మోగిపోయింది. ఈసారి నవ్వు ఆపుకోవడం రాజమణి మేడమ్ వల్ల కూడా కాలేదు.

"పాసైనవ్ పో!" అంది కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ. "గా తలుపులు, షెహనాయి ఎవరికి కావాలె గని, గా పువ్వు పెట్టిన చెయ్యి మాత్రం నాకు కావాలె. మొఖం దాసుడు ఎట్లనో వచ్చే బ్యాచ్‌కు నేర్పాలె. కృష్ణయ్య సారూ, పిలిపిస్తరా?"

"పేరు చెప్తే ఇప్పుడే పిలిపిస్త మేడమ్."

"చెప్పు మరి. ఎవరా దొంగ? అందరికీ ఇనబడాలె."

నుజహత్ లేచి నిలబడింది. దుపట్టా సర్దుకుంది. వెనక బెంచీ దాకా వినబడేలా చెప్పింది.

"మా అమ్మీ మేడమ్. బిల్కీస్ బేగం!"