తరుగు తీయని తూకం

తాడేపల్లిగూడెం మార్కెట్లో ఉల్లిపాయల లారీలు దిగే వేళకే సత్యనారాయణమూర్తి గారు కొట్లోంచి వీధిలోకీ, వీధిలోంచి కొట్లోకీ నాలుగుసార్లు తిరిగేశారు. కాలు ఒకచోట నిలిస్తేగా! నెల రోజులుగా ఆయన గొంతు దగ్గర చిన్న గడ్డ ఉంది. చెయ్యి ఊరికే అక్కడికే పోతోంది. ఏలూరు వెళ్లి పెద్ద డాక్టరుకి చూపించుకోమని ఇక్కడి డాక్టరు రాసిచ్చిన చీటీ మాత్రం జేబులోనే నలుగుతోంది.

వాళ్ల కొట్లో తాతల నాటి ముల్లు కాటా ఒకటుంది. పళ్లెం మీద చెయ్యి ఆన్చి చెబితే దిగులు కూడా తూస్తుంది. మన చేతిలో లేని సంగతైతే ముల్లు కదలదు. ఉన్నదైతే ఎంతుంటే అంత చూపిస్తుంది. కొల్లేరు వైపు చేపల చెరువులున్న బాపిరాజు గారు వారానికోసారి వస్తారు. మబ్బు పట్టిందంటే సున్నా, చెరువు నీళ్లకి గాలి పట్టించే ఏరేటరు బాగు చేయించలేదంటే పదిహేను కిలోలు. గొణుక్కుంటూ మెకానిక్కు కోసం పోతారు. ఊరందరి దిగుళ్లూ తూచే మూర్తి గారు తనది మాత్రం ఏనాడూ తూచుకోలేదు. పెద్దమనిషి మరి!

ఆ పొద్దున భార్య ఇందుమతి కాఫీ గ్లాసు పక్కన పెట్టి, "మీదీ తూద్దాం రండి," అంది.

తప్పక చెయ్యి ఆన్చారు. "గడ్డ చెడ్డదేమోనని."

ముల్లు కదల్లేదు.

"చూశావా, ఏమీ లేదు."

"అది మీ చేతిలో లేదండీ, అంతే. ఇప్పుడు ఆ చీటీ సంగతి చెప్పండి."

ఇంకా ఏలూరు వెళ్లలేదని నసుగుతూనే చెప్పారు. ముల్లు గిర్రున తిరిగి నలభై రెండు దగ్గర ఆగింది.

"గోనె, మట్టి, తరుగు తీసేస్తే ముప్పై ఎనిమిదే," అన్నారాయన. ముప్పై ఏళ్ల అలవాటు, ఎక్కడికి పోతుంది?

"తరుగు ఉల్లిపాయలకండీ, మీక్కాదు. భయమేస్తోందని చెప్పండి, నాకూ వేస్తోంది. పదండి."

బస్సు ఉంగుటూరు దాటేలోపు ఆయన మూడు సీట్లు మారారు. ఏలూరులో సూది పరీక్ష చేసి, నాలుగు రోజులాగి మళ్లీ రమ్మన్నారు. ఆ నాలుగు రోజులూ ఇద్దరికీ అన్నం సయించలేదు.

"చెడ్డదేనండీ," అన్నారు డాక్టరు గారు. "కానీ చిన్నదిగా ఉండగానే వచ్చారు, తీసేస్తాను. ఇంకో రెండు నెలలు పోతే నా చేతిలో కూడా ఉండేది కాదు."

ఇందుమతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. మూర్తి గారు కుర్చీలోంచి లేచారు, కూర్చున్నారు, మళ్లీ లేచారు.

"ఆపరేషన్ ఎప్పుడండీ?"

"గురువారం."

"బుధవారమే వచ్చేస్తామండీ," అన్నారాయన.