నా పొట్ట కింది వణుకు

నేను ఒక పాత ఫోర్ వీల్ డ్రైవ్ జీపును. ఆ ఉదయం పాడేరు ఘాట్ దిగుతుండగా నా పొట్ట కింద ఏదో విడిపోబోతోందని నాకు తెలిసింది.

నా వెనక సీట్లలో సంతకు వెళ్లే జనం, అల్లం బస్తాలు, ఒక మేక. ఎడమ పక్క లోయ. వేగం అందుకోగానే జనం కాళ్ల కింది రేకు గజగజ వణికింది. డ్రైవరు ముత్యాలు గేరు మార్చాడు. వణుకు మారలేదు. క్లచ్ తొక్కి ఇంజన్‌ను విడదీశాడు. అయినా తగ్గలేదు.

"ఏటైనాదే నీకు?" అన్నాడు నాతో.

మేక అరిచింది. ముత్యాలు జనాన్ని దించేసి, నన్ను మనిషి నడిచినంత నెమ్మదిగా కిందికి తెచ్చాడు.

నా మొదటి యజమాని ఒక కాఫీ తోట దొర. నన్ను కుక్కలు తిప్పడానికి వాడాడు. రెండోవాడు కలప కాంట్రాక్టరు, నన్ను దున్నపోతనుకున్నాడు. మూడోవాడు గంగునాయుడు. ఈయన నన్ను అమ్మవారనుకున్నాడు. దున్నపోతుగా ఉన్న రోజులే నయం.

మెకానిక్ షెడ్డు దగ్గర నాయుడు అప్పటికే కేకలేస్తున్నాడు.

"దసరాకి ముందు పూలరథంలా నడిసింది బండి! పండక్కి ఊరెళ్లొచ్చి ఏ గోతిలో దింపీసినావురా?"

"నేదు బావూ. నానొచ్చేసరికే మూలుగుతంది."

"బండికి బెంగెట్టుకుందేటి, నువ్వు లేవని? జిలానీ, నువ్వు సూడు. ఈడి తప్పని తేలితే ఈ పూటే తాళాలు లాగేస్తాను."

ముత్యాలు తాళాల గుత్తిని గుప్పెట్లో బిగించాడు. అది పోతే అతని ఇంట్లో పొయ్యి వెలగదు. తప్పు ఎవరిదో నాకు తెలుసు. చెప్పడానికి నోరు లేదు. ఉన్నది ఆ మూలుగొక్కటే.

మెకానిక్ జిలానీ తొందరపడే మనిషి కాదు. నన్ను నిలబెట్టి ఇంజన్ రంకె వేయించాడు. వణుకు లేదు. చక్రాలు పైకెత్తి తిప్పాడు. వంకర లేదు. తర్వాత కిందికి దూరి, ఇంజన్ బలాన్ని వెనక చక్రాలకు మోసే పొడుగాటి ఇనుప గొట్టాన్ని, వెనక షాఫ్టును, ఊడదీసి పక్కన పడేశాడు.

"అది లేకపోతే బండెలా నడుస్తాదయ్యా?" అన్నాడు నాయుడు. గొంతు కాస్త సన్నబడింది.

"నాలుగు కాళ్ల బండి కదా నాయుడుగారూ. ముందు రెండూ లాగుతాయి. ఎక్కండి."

ఫోర్ వీల్ లివర్ వేసి, చెరకు తోటల పక్కన తిన్నని రోడ్డు మీద నన్ను వదిలాడు. స్పీడు ముల్లు పైకి పాకింది. వణుకు పుట్టే చోటికి వచ్చింది. ముత్యాలు కళ్లు మూసుకున్నాడు. నాయుడు ముందున్న కడ్డీ పట్టుకున్నాడు.

ముల్లు దాటిపోయింది. నేను పట్టులా సాగిపోయాను.

షెడ్డుకొచ్చాక జిలానీ ఆ షాఫ్టును ఒళ్లో పెట్టుకున్నాడు. దానికి నిగనిగలాడే ఎర్రరంగు, మీద పసుపు, కుంకుమ బొట్లు. స్క్రూడ్రైవరుతో రంగు గీకాడు. కింద రెండు బాణం గుర్తులు బయటపడ్డాయి. ఎదురెదురుగా ఉండాల్సినవి పెడమొహం పెట్టుకుని ఉన్నాయి.

"గోతిలో దిగితే ఇది వంగుతుంది, నాయుడుగారూ. విడిపోయి, పక్కకి తిరిగి, మళ్లీ దూరి, బొట్టు పెట్టుకోదు. ఒకదాన్లో ఒకటి దూరే ఈ రెండు ముక్కల్ని ఎవరో లాగి, గుర్తులు కలపకుండా దోపారు; అందుకే వేగం అందుకోగానే ఆ వణుకు. ఎవరు?"

ముత్యాలు తాళాల గుత్తిని మెల్లగా బానెట్ మీద పెట్టాడు. నాయుడు వేలి గోరు పక్కన, ఎంత కడిగినా పోని ఎర్రరంగు.

ఆయన తాళాలు తీసుకున్నాడు. ముత్యాలు చెయ్యి లాగి, అందులో పెట్టాడు.

"నానేరా. ఆయుధపూజ నాడు నువ్వూళ్లో నేవు. పైనంతా దండలేసి కింద బురద ఉంచితే అమ్మవారు ఊరుకుంటాదా అనిపించింది. ఊడదీసి, కడిగి, రంగేసి, ఎలా దూరితే అలా దోపేసినాను. మర్నాడే మూలిగింది. నా సెవులారా ఇన్నాను. యజమానిని గదా, నా సెయ్యే తప్పని ఎలా ఒప్పుకుంటాను? పూజ నాను సేసి, లోయ పక్కకి నిన్నంపినాను."