మనది కాని కంపెనీ

టాబ్లెట్ అద్దం మీది పిండి మరకలూ నూనె వేళ్ళ గుర్తులూ తుడవడం కంషాత్ రోజువారీ పనుల్లో ఒకటి. అందులో సీరియల్ అత్తగారు చూస్తుంది, ఫుట్‌బాల్ భర్త దౌలెత్ చూస్తాడు. తుడవడం మాత్రం ఆమె వంతు. తుడిచాక మిగిలిన కాస్త సమయంలో అదే అద్దం మీద ఉన్ని తివాచీలకు ముగ్గులు గీసి, తాముండే అల్మాతీ ఊళ్ళోనే ఒక తివాచీల కార్ఖానాకి అమ్ముతుంది. ఇంట్లో ఆ పనిని "కంషాత్ గీతలు" అంటారు, అదేదో పిల్లి గోళ్ళతో గీకినట్టు.

ఒకరోజు చూస్తే ఆ గీతలన్నీ మాయం.

"అప్‌డేట్‌కి చోటు చాల్లేదు. ఏవో గీతలేగా అని తీసేశా," అన్నాడు దౌలెత్ రొట్టె నములుతూ. అతని మ్యాచ్‌లన్నీ భద్రంగా ఉన్నాయి. కంషాత్‌కి ఏడుపొచ్చింది, కోపం అంతకంటే ఎక్కువొచ్చింది. ఏడుపు వంటింట్లో కానిచ్చేసి, కోపాన్ని పనికొస్తుందని దాచుకుంది. తన సంపాదనతో తనకో టాబ్లెట్ కొనుక్కుంటానని చెప్పింది.

"కొనుక్కో, కానీ మన కంపెనీదే."

ఆ కంపెనీని తన మేనమామ పెట్టినట్టు దౌలెత్ ఎప్పుడూ "మనది" అంటాడు. ఇంట్లో ఫోన్లూ, టీవీ, బట్టలుతికే మిషనూ అన్నీ దానివే. ఆ మధ్య ఫోను వేడెక్కి చెవి కమిలితే, "చలికాలానికి మంచిదేలే," అని దాన్ని వెనకేసుకొచ్చాడు. అదే మనిషి సూపులో ఒక్కపూట ఉప్పు తగ్గితే, "మా అమ్మ చేసినట్టు లేదు," అంటాడు. ఆ కంపెనీ మీద ఉన్న ఓర్పులో పిసరంత తన మీద ఉంటే ఎంత సుఖంగా బతికేదో అనుకుంది కంషాత్.

షాపులో కుర్రాడు ఆమెను దాటుకుని దౌలెత్‌తో మాట్లాడాడు. "వంటల వీడియోలు చూసుకోడానికి వదినకి ఇది చాలన్నా."

వాళ్ళు వంటల వీడియోల గురించి మాట్లాడుకుంటూ ఉండగా, కంషాత్ పక్క బల్ల మీది వేరే కంపెనీ టాబ్లెట్‌పై పెన్నుతో తివాచీల మీద వేసే పొట్టేలు కొమ్ము ముగ్గు గీసింది. నొక్కితే గీత లావెక్కింది, వదిలితే సన్నబడింది. ఆమెకు ఒళ్ళు పులకరించింది.

"ఇది కావాలి."

"ఈ పేరు మనింట్లో ఎవరన్నా విన్నారా అసలు?" అన్నాడు దౌలెత్.

"పెళ్ళికి ముందు నా పేరు మాత్రం విన్నారా? తెచ్చుకున్నారుగా."

కుర్రాడు నవ్వు ఆపుకుంటూ బిల్లు రాశాడు.

సాయంత్రం చాయ్ దగ్గర ఇంటిల్లిపాదీ కొత్త టాబ్లెట్ చుట్టూ చేరారు. దౌలెత్ చెయ్యి చాపాడు. "ఇటు తే, ఎంత చెత్తగా ఉందో చూస్తా."

కంషాత్ దాని మీద అరచెయ్యి పెట్టింది. "బైగాజీ ఏదీ?"

కొత్త వస్తువు మొదటిసారి చూసినవాళ్ళు బైగాజీ అని ఏదో ఒక కానుక ఇచ్చుకోవాలి. వట్టి చేతులతో చూడ్డం ఏ ఇంట్లోనూ మర్యాద కాదు.

"సరే, చాక్లెట్ తెస్తాలే."

"చాక్లెట్ వద్దు. ఇవాళ్టి నుంచి సాయంత్రం అందరికీ చాయ్ నువ్వే పొయ్యాలి."

దౌలెత్ నవ్వబోయి, ఆదుకుంటుందని తల్లి వైపు చూశాడు. కోడలుండగా మగాడికి ఇదేం ఖర్మ అంటుందని కంషాత్ కూడా ఎదురుచూసింది. పెళ్ళయిన నాటి నుంచి కోడలొచ్చేదాకా ఆ ఇంట్లో చాయ్ పోసిన అత్తగారు, తన ఖాళీ చాయ్ గిన్నెను కొడుకు ముందుకు జరిపింది.

"పాలు ముందు పొయ్యరా. తరవాత డికాషను. ఇన్నేళ్ళుగా తాగుతున్నావు, ఎప్పుడూ చూళ్ళేదా?"

ఆ ఇంటికొచ్చాక కంషాత్ చాయ్‌ని వేడిగా తాగడం అదే మొదలు.